బండి వేగమునకు గవర్నరు

రాత్రివేళ సంతకు పోవు ఎడ్లబండ్ల వరుసను మీలో చాలమంది చూచియుందురు. ఆ బండ్లలో పండుకొని ప్రయాణము చేసినవారును మీలో ఉందురు. ముందుబండి ఇరుసు క్రింద లాంతరు వ్రేలాడుచుండును. ఆ బండివాడొక్కడు మేలుకొని యుండును. వెనుకబండ్లవారు పగ్గములను వదలుగా కట్టి, గడ్డిమీద నడుము వాల్చుదురు. ఎడ్లు తమంతట తామే ముందుబండి వెంట నడచును. అది నిలిచినచో నిలుచును, కదలినచో కదలును, నడుమ కొంత ఎడము విడిచియే పోవును. ఇప్పుడు లక్షలాది రూపాయల వెల గల మోటారుకార్లలో అమర్చుచున్న యొక యంత్రము చేయు పని ఇంతకంటె ఎక్కువ కాదు. ఆ యంత్రము ఎట్లు పుట్టినది, ఎట్లు పెరిగినది, ఏల మనుష్యులకు విసుగు పుట్టించుచున్నది యను సంగతిని నేడు మీకు మనవి చేయదలచితిని.

ఈ విషయమును విచారింపవలెనను బుద్ధి నాకు పుస్తకము చూచి పుట్టినది కాదు. కొంతకాలము క్రిందట నేను మా అల్లునితో కూడ రాజమహేంద్రవరమునుండి విజయవాడకు కారులో పోవుచుంటిని. కారు క్రొత్తది. ఏ కంపెనీదో చెప్పుట నా ఉద్దేశము కాదు. జాతీయ రహదారి ఎక్కిన పిమ్మట మా అల్లుడు చక్రముమీది మీట నొకదానిని నొక్కి, “మామయ్యగారూ, కాలు తీసివేసితిని, చూడుడు. ఇక వేగము సంగతి కారే చూచుకొనును” అని సంతోషముతో చెప్పెను. గంటకు 80 కిలోమీటర్ల వేగము నిర్ణయించి యుంచెను. ముందర బండి లేనప్పుడు కారు ఆ వేగముతో పోవుచుండెను. బండి అడ్డువచ్చినప్పుడు తానే తగ్గుచుండెను. నేను మిక్కిలి ఆశ్చర్యపడితిని.

ఆ ఆశ్చర్యము తాడేపల్లిగూడెము దాటువరకు నిలిచినది. అచ్చట కుడివైపు బాటలో ఒక లారీ మెల్లగా పోవుచుండెను. మా కారు దాని వెనుక వినయముగా నడచుచుండెను. ఇంతలో ఆ లారీ హఠాత్తుగా ఎడమకు తొలగెను. దాని ముందర, అదే బాటలో, వరిగడ్డి మోపులతో నిండిన ట్రాక్టరు ట్రక్కు ఒకటి చెడి నిలిచియున్నది. లారీ తొలగుటతో మా కారు త్రోవ ఖాళీ యైనదని తలచి వేగము హెచ్చించెను! మా అల్లుని కాలు బ్రేకుమీద లేదు, ఎక్కడనో చాచియున్నది. ఆతడు బ్రేకును వెదకి తొక్కునప్పటికి ఆ గడ్డిమోపులు మా ముఖములమీదికి వచ్చినట్లయ్యెను. రెండుగజముల దూరములో కారు నిలిచినది. వెనుక వచ్చు బస్సు ప్రక్కకు తప్పుకొని పోయెను. కొంతసేపు ఇద్దరమును మాటాడలేదు. పిమ్మట ఆతడు, “నే నుంచిన మాట అది వినలేదు” అనెను. నాకు మాత్రము మా చిన్నాన్నగారు జ్ఞప్తికి వచ్చిరి.

మా చిన్నాన్నగారు మా గ్రామమున బియ్యపుమిల్లులో ఆయిలు ఇంజను నడపువారు. ఆ ఇంజనుకు గవర్నరు అను భాగ మొకటి యుండెడిది. రాష్ట్రమునకు గవర్నరు ఉన్నట్లు ఇంజనుకు కూడ గవర్నరు ఉన్నాడని వినినప్పుడు బాల్యమున నేను నవ్వితిని. కాని ఆ పేరు సార్థకమైనదే. ఇంజను తిరుగునప్పుడు దానితో కూడ రెండు బరువుగుండ్లు గిరగిర తిరుగును. వేగము హెచ్చినకొలది ఆ గుండ్లు దూరముగా విచ్చుకొనును. అప్పుడు వానికి తగిలించిన కడ్డీ కదలి నూనెరాకను తగ్గించును. వేగము తగ్గినచో గుండ్లు దగ్గరకు వచ్చును. నూనె హెచ్చుగా వచ్చును. మరలో ధాన్యము పోసినప్పుడు ఇంజను ఒక్కసారి మూల్గి, మరల తేరుకొనుట మీరందరు వినియేయుందురు. ఆ తేరుకొనుట గవర్నరు చేసిన పని. చిన్నాన్నగారు ఇంజనుగదిని విడిచి భోజనమునకు కూడ పోయెడివారు కారు. “గవర్నరు ఉన్నదిగదా” అని ఎవరైన అనినచో, “అది వేగము నెరుగునుగాని, బెల్టులో చేయి పడినసంగతి ఎరుగునా?” అని బదులు చెప్పెడివారు.

ఈ గవర్నరు మోటారుకార్లకంటె నూరేండ్లు పూర్వపుది. ఇంగ్లండు దేశమున జేమ్సు వాట్టు అను ప్రసిద్ధ శిల్పి 1788వ సంవత్సరమున తన ఆవిరి యంత్రమునకు దీనిని అమర్చెను. అయితే ఆయన దీనిని క్రొత్తగా కనిపెట్టినది నేనే యని చెప్పుకొనలేదు. దీనికి పేటెంటు హక్కు కోరలేదు. ఏలయనగా, పిండిమరలవారు తిరుగుడురాళ్ల నడుమ ఎడమును సరిచేయుటకు ఇట్టి తిరుగు గుండ్లను అంతకు ముందే వాడుచుండిరి. లండనులోని ఆల్బియన్ మిల్లు అను పిండిమరలో ఆ సాధనమును వాట్టుగారి భాగస్వామియగు మాథ్యూ బౌల్టను చూచి, దాని సంగతి వాట్టునకు వ్రాసెను. కాబట్టి నేటి కార్లలోని ఈ విద్యకు మూలపురుషుడు మరవాడేగాని వేరొకడు కాడు.

గవర్నరు అమర్చినతోడనే కష్టములన్నియు తీరలేదు. కొన్ని యంత్రములలో వేగము నిలుకడగా నుండక, హెచ్చుచు తగ్గుచు, తగ్గుచు హెచ్చుచు ఊగులాడుచుండెను. గవర్నరు వేగము తగ్గినదని కనిపెట్టి ఆవిరిని వదలునప్పటికి ఆలస్యమగును. ఆవిరి వచ్చి వేగము హెచ్చునప్పటికి మితిమీరిపోవును. దానిని తగ్గింపబోయి మరల అతిగా తగ్గించును. మద్దెపుమత్తులో నడచువాడు ఎడమకు తూలి, సరిచేసికొనబోయి కుడికి మరింత తూలునట్లు యంత్రము తూలుచుండెను. ఈ తూలుడు ఎప్పుడు తనంతట అణగును, ఎప్పుడు పెరిగి యంత్రమును చెరుచును అను ప్రశ్నను జేమ్సు క్లెర్కు మాక్సువెల్లు అను మహాశాస్త్రజ్ఞుడు గణితముచేత విచారించి 1868లో ‘గవర్నరులనుగూర్చి’ యను వ్యాసమును ప్రకటించెను. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. దీనితో మనకు ముందు పని కలదు.

ఇక యంత్రము మిల్లును విడిచి రోడ్డుమీదికి వచ్చిన కథ. రోడ్డుమీద వేగమును అదుపుచేయుట ఎవరి పని యను తగవు అప్పుడే పుట్టినది. 1865లో ఇంగ్లండు ప్రభుత్వమువారు రోడ్డుమీద నడచు ఆవిరిబండ్లకు ఒక శాసనము చేసిరి. పల్లెలలో గంటకు నాలుగు మైళ్లకును, పట్టణములలో రెండు మైళ్లకును మించిన వేగముతో నడుపరాదు. బండికి ముగ్గురు మనుష్యులుండవలెను. వారిలో నొకడు ఎర్రజెండా పట్టుకొని బండికి ముందుగా నడువవలెను. అనగా మనుష్యుని కాలే యంత్రమునకు గవర్నరు! ఈ నిర్బంధము 1896లో తొలగి, గంటకు 14 మైళ్ల వేగమునకు అనుమతి కలిగెను.

అమెరికాలో ఇదే తగవు మరియొక రూపమున వచ్చెను. అచ్చటి నగరములలో కార్లు హెచ్చి, వీథులలో నాడుకొను బిడ్డలు వానిక్రింద పడి చనిపోవుచుండగా, 1923లో సిన్సినాటి నగరవాసులలో 42 వేలమందికి పైగా ఒక మహజరుపై సంతకములు చేసిరి. నగరములోని ప్రతి కారును గంటకు 25 మైళ్లు దాటనీయని గవర్నరును తప్పక అమర్చవలెనని వారు కోరిరి. కార్ల వర్తకులును, కార్లుగలవారును ఏకమై దీనిని ఎదిరించిరి. తుదకు వోట్లలో ఆ ప్రతిపాదన ఓడిపోయినది. బిడ్డల ప్రాణములు ఒకవైపునను, నా బండి వేగమును నేను నిర్ణయింతునను పట్టుదల మరియొకవైపునను నిలిచినవి. నాడు రెండవదే గెలిచినది. ఈ తగవు అచ్చటితో ముగిసినదని మాత్రము తలపకుడు.

ఇప్పుడు మన కథకు నాయకుడగు పురుషునిగూర్చి చెప్పెదను. ఆయన పేరు రాల్ఫు టీటరు. అమెరికాలో ఇండియానా రాష్ట్రమందలి హేగర్స్‌టౌన్ అను చిన్న ఊరిలో 1890లో జన్మించెను. అయిదేండ్ల వయస్సున కత్తితో కలిగిన ప్రమాదమువలన ఆయనకు రెండుకన్నులును పోయినవి. కారును నడుపువాని కాలికి విశ్రాంతి నిచ్చు యంత్రమును కనిపెట్టినవాడు ఎన్నడును కారు నడుపజాలని గ్రుడ్డివాడు! ఆయన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి 1912లో పట్టము పొందెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున యుద్ధనౌకల టర్బైనులలో తిరుగు భాగములకు తూకము సరిచూచు కష్టమైన పనిని చేతిస్పర్శచేతనే సాధించెను. పిస్టను రింగులు చేయు కర్మాగారమునకు అధిపతియయ్యెను. 1936లో అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘమునకు అధ్యక్షుడుగ ఎన్నికయ్యెను.

టీటరుగారు తన న్యాయవాదితో కూడ కారులో పోవుచుండెడివారట. ఆ న్యాయవాది మాటాడునప్పుడు కారు మెల్లగిల్లును. ఇతరులు మాటాడగా వినునప్పుడు వేగము హెచ్చును. ప్రక్కన కూర్చున్న టీటరునకు ఈ కుదుపులు మహాబాధగా నుండెను. కన్నులున్న మనకు వెలుపలి చెట్లు, చేలు చూచుటలో ఆ కుదుపు తెలియదు. ఆయనకు ప్రయాణమనగా కుదుపే. 1942లో, యుద్ధముమూలమున రబ్బరు కరవు కలుగగా, టైర్ల అరుగుదల తగ్గించుటకై అమెరికా ప్రభుత్వము దేశమంతట గంటకు 35 మైళ్ల హద్దు విధించెను. ఆ హద్దును మీరకుండ నిలుకడగా నడుపుట అందరికిని కష్టమాయెను. టీటరుగారు ఈ రెండు కారణములచేత ఆలోచించి, చక్రములకు శక్తినందించు ఇరుసునుండి తిరుగు గుండ్ల గవర్నరు నొకదానిని నడిపించి, దానిచేత వేగమును పట్టి నిలుపు సాధనమును చేసిరి. దానికై దరఖాస్తు పెట్టగా 1950 ఆగస్టు 22వ తేదీన పేటెంటు వచ్చినది.

ఆ సాధనము మొదట కాలికింది పెడలును వెనుకకు నెట్టి, ఇంతకు మించి పోవలదని తెలుపునదిగా నుండెను. అది హెచ్చరికయేగాని బలాత్కారము కాదు. గట్టిగా తొక్కినచో బండి పోవును. తరువాత అది వేగమును తానే నిలుపునదిగా మారినది. 1958లో క్రైస్లరు కంపెనీవారు తమ పెద్దకార్లలో దీనిని మొదటిసారి అమ్మకమున కుంచిరి. కాడిలాక్ కార్లవారు దీనికి క్రూజు కంట్రోలు అని పేరు పెట్టగా ఆ పేరే లోకమున నిలిచినది. 1973లో పెట్రోలు కరవు వచ్చి, 1974 జనవరిలో అమెరికా అంతట గంటకు 55 మైళ్ల హద్దు ఏర్పడిన పిమ్మట, విశాలమైన రోడ్లపై కాలు బిగబట్టి కూర్చుండలేక జనులు దీనిని విరివిగా కొనజొచ్చిరి.

ఈ యంత్రమున కొక్కటే గుణము, ఒక్కటే దోషము. అది చెప్పిన వేగమును నిలుపును. ముందర ఏమున్నదో ఎరుగదు. దీనిచే నడుపబడు బండి ముందరిదానిని పోయి గుద్దుకొనకుండుటకు నడుపువాడే మాటిమాటికి బ్రేకు తొక్కి దానిని వదలింపవలెను. మరల మీట నొక్కి తగిలింపవలెను. రద్దీగల రోడ్డుమీద ఇది సేవకుడుగాక సేవింపవలసిన యజమానియై కూర్చుండెను. కాబట్టి యంత్రమునకు కన్నులు పెట్టవలెనను ఆలోచన పుట్టినది.

ఆ కన్నులు మొదట జపానులో తెరచుకొనినవి. 1995లో మిత్సుబిషి కంపెనీవారు డయమాంటె అను కారులో లేసరు కిరణమును ముందరి బండిమీదికి పంపి, అది తిరిగివచ్చు కాలమునుబట్టి దూరమును కొలిచి వేగమును తగ్గించు ఏర్పాటు చేసిరి. కాని ఆ కారు బ్రేకు వేయజాలదు. ఇంజనును తగ్గించి, గేరు మార్చి మాత్రము మెల్లగింపగలదు. 1999లో జర్మనీయందు మెర్సిడిస్ వారు రేడారును అమర్చి, బ్రేకును కూడ దాని కప్పగించిరి. 2005 నాటికి వారి కారు ముందరి బండితో పాటు పూర్తిగ ఆగుటకు కూడ నేర్చినది. మన దేశమున ఇట్టి కార్లు 2020 తరువాత నలుగురి కంట పడసాగినవి. మా అల్లుని కారు ఆ సంతతిలోనిదే.

ఇక విసుగుల మాట. మొదటిది ఎడమునుగూర్చినది. గంటకు 80 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు 22 మీటర్లు పోవును. రెండుసెకనుల వ్యవధి విడువవలెనన్నచో ముందరి బండికి 44 మీటర్ల ఎడముండవలెను. శాస్త్రమునుబట్టి ఇది న్యాయమే. కాని మన రోడ్డుమీద 44 మీటర్ల ఖాళీస్థలము ఎవరికైన కనబడినచో ఊరకుందురా? ఒక ఆటో దూరును. మా కారు వెనుకకు తగ్గి మరల ఎడము చేసికొనును. అందులో మోటారుసైకిలు దూరును. మరల తగ్గును. బంతిలో కూర్చున్న మొగమాటపువాడు వచ్చిన ప్రతివానికి జరిగి చోటిచ్చుచు తుదకు ఆకు లేక లేచిపోయినట్లు మా కారుగతి యాయెను. ఎడము విడుచుట యంత్రపు తప్పు కాదు; దానిని మన్నింపకుండుట మన తప్పు. అయినను విసుగు మాత్రము యంత్రముమీదనే.

రెండవది మరపు. ముందరి లారీ మెల్లగా పోవుచున్నచో కారును మెల్లగా పోవును. తాను కాలితో తగ్గించినవాడు తగ్గుట నెరిగి దాటిపోవ యత్నించును. కారే తగ్గించినప్పుడు లోపలివానికి ఆ సంగతి తెలియదు. మేము 80 కిలోమీటర్ల వేగమున పోవుచున్నామని తలచుచునే 50తో చాలదూరము పోతిమి.

మూడవదియే మమ్ము చంపబోయినది. రోడ్డుప్రక్కన స్తంభములు, బోర్డులు, వంతెనలు అన్నియు రేడారు కిరణమును తిరిగి పంపును. వానినన్నింటిని చూచి బ్రేకు వేయుచున్నచో కారు ముందుకు సాగదు. కాబట్టి ఇట్టి యంత్రములు కదలుచున్న బండ్లను ముఖ్యముగ లక్షించి, కదలక యున్నవానిని చాలవరకు ఉపేక్షించునట్లు చేయబడినవి. నడుచు బండి వెనుక నమ్మకముగా పోవు యంత్రము, అది తొలగినప్పుడు బయటపడిన నిలుచుబండిని గుర్తింపకపోవచ్చును. ఈ మాట కారుతో వచ్చిన పుస్తకములోనే వ్రాసియున్నది. ఆ పుస్తకమును మేము ఇల్లు చేరిన పిమ్మట చదివితిమి!

నాలుగవది మాక్సువెల్లుగారి తూలుడు. 2008లో జపానులోని పరిశోధకులు 230 మీటర్ల చుట్టుకొలత గల వలయముమీద 22 కార్లను నిలిపి, అందరిని ఒకే వేగముతో నడుపుడని చెప్పిరి. అడ్డులేదు, మలుపులేదు, గోతిలేదు. అయినను కొంతసేపటికి ఒకడు కొంచెము తగ్గగా, వెనుకవాడు మరికొంచెము తగ్గెను. వానివెనుకవాడు ఇంకను తగ్గెను. తుదకు కొన్నికార్లు పూర్తిగ ఆగిపోయినవి. మనుష్యుల ఈ దోషమును యంత్రము మాన్పునని అందరు ఆశించిరి. కాని అమెరికాలో పరిశోధకులు ఎడము నిలుపు యంత్రములు గల ఏడువిధముల కార్లను పరీక్షించి, ముందరి బండి కొంచెము తగ్గినచో ఇవి అంతకంటె హెచ్చుగా తగ్గుచున్నవనియు, ఇట్టి కార్లే వరుసగా పోయినచో తూలుడు వెనుకకు పెరుగుచునే పోవుననియు 2019లో ప్రకటించిరి. ఆవిరి యంత్రమునందలి ఊగులాట రెండువందల యేండ్లకు రోడ్డుమీద ప్రత్యక్షమైనది.

ఇంతవరకు చెప్పినది మనము కోరి తెచ్చుకొన్న గవర్నరు. శాసనము పెట్టు గవర్నరు మరియొకటి కలదు. మన దేశమున 2015లో చేసిన నిబంధనలను బట్టి, ఆ సంవత్సరము అక్టోబరునుండి తయారగు సరకుల బండ్లు మున్నగువానిలో చాలవానికి గంటకు 80 కిలోమీటర్ల గవర్నరు అమర్చవలసివచ్చినది. ఇందువలన మేలు కలిగినదనుటకు సందేహము లేదు. కాని ఒక లారీ మరియొక లారీని దాటబోయినప్పుడు రెంటికిని ఒకే హద్దు కాగా, రెండును ప్రక్కప్రక్కనే మైళ్లకొలది పోవుచు వెనుకవారినెల్ల నిలిపివేయుట మీరెరుగనిది కాదు. ఐరోపాలో 2022 జూలైనుండి క్రొత్తరకపు కార్లన్నింటికిని, 2024 జూలైనుండి క్రొత్తగా అమ్మబడు ప్రతి కారుకును, రోడ్డు ప్రక్కనున్న హద్దుబోర్డును తానే చదివి నడుపువానిని హెచ్చరించు యంత్రము తప్పనిసరి యాయెను. సిన్సినాటి ప్రజలు 1923లో పొందలేనిది నూరేండ్లకు ఐరోపాలో శాసనమైనది. కాని ఎంత మార్పు! అది బండిని కట్టివేయదు. చప్పుడుచేత గాని, పెడలుయొక్క కదలికచేత గాని తెలుపును. గట్టిగా తొక్కినచో లోబడును. టీటరుగారి మొదటి పెడలు నీతియే ఇదియును. అయినను ప్రక్కసందు బోర్డును చదివి పెద్దరోడ్డుమీద గంట మ్రోగించుచున్నదనియు, అణచివేసినను మరునాడు బండి కదల్చినతోడనే మరల లేచుచున్నదనియు అచ్చటివారు సణుగుచున్నారు.

శ్రోతలారా, ఈ విసుగులన్నియు విని యంత్రమును పారవేయుడని నేను చెప్పబోవుచున్నానని తలపకుడు. నడుపువాడు కునుకుపాటున నున్నప్పుడు, మాటలలో పడి మరచినప్పుడు, ముందరి బండి తగ్గుటను కనిపెట్టి తాను తగ్గు యంత్రమువలన దక్కిన ప్రాణములు లేకపోలేదు. మా తాతగారు బండ్ల వరుసనుగూర్చి ఒక సంగతి చెప్పెడివారు. ఒకరాత్రి ముందుబండివాడు కూడ నిద్రపోయెనట. ఆ బండి ఎడ్లు పాతకాలువ గట్టువెంట మళ్లినవి. వెనుకనున్న పదునొకండు బండ్లును వానిని నమ్మి, నడుమ ఎడము ఏమాత్రము తప్పక, క్రమముగా రేగడిలో దిగబడినవి. ఎడ్ల తప్పు లేదు. అవి చేయవలసిన పనిని అవి చేసినవి. ఆ రాత్రి మేలుకొనవలసినవాడు మేలుకొనలేదు, అంతియే.

ఇంటికి వచ్చిన నాటిరాత్రి మా అమ్మాయి ఈ వృత్తాంతమంతయు విని, “ఆ మీట ఇక ముట్టవద్దు” అని భర్తతో గట్టిగా చెప్పెను. ఆతడు, “అది లేనిచో అంతదూరము కాలు నొప్పి పట్టును, అది ఉన్నచో ప్రాణము గుబగుబలాడును. నే నేమి చేయవలెను, మామయ్యగారూ?” అని నన్నడిగెను. ఆ ప్రశ్నకు నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఈ చరిత్రయంతయు చదివిన పిమ్మట ఆతనికి మూడుమాటలు చెప్పితిని. ఊరిదగ్గర, సంతదగ్గర, వరికోతల కాలమున రోడ్డుమీద ట్రాక్టర్లు తిరుగు తావుల దానిని వాడవలదు. వాడినప్పుడు కాలు బ్రేకు ప్రక్కనే యుండవలెను. ముందరి బండిని కాదు, దాని ముందరనున్నదానిని చూచుచుండవలెను. ఏలయనగా యంత్రము చూడలేనిది అదియే.

మొన్న మరల ఆ కారులోనే ఆ రోడ్డుననే పోతిమి. గడ్డిట్రక్కు నిలిచిన తావునకు వచ్చునప్పటికి నే నేమియు అనకముందే ఆతడు మీటను తీసివేసి, తన కాలితోనే నడుపజొచ్చెను. మా చిన్నాన్నగారు ఇంజనుగదిని విడువకుండుట ఏలనో నాకు పూర్ణముగా తెలిసినది అప్పుడే. గవర్నరు పనిచేయుట లేదని కాదు; పనిచేయుచున్నప్పుడే మనుష్యుడు మరచిపోవునని ఆయన భయము.

మీ కుమారులు, మనుమలు ఇట్టి కార్లలో మిమ్ము ఎక్కించుకొని పోవు దినములు వచ్చినవి. ప్రక్కన కూర్చుండిన పెద్దవారు మీరు. ఆ కారు ఏమి చూడగలదు, ఏమి చూడలేదు అని బయలుదేరకముందే అడుగుడు. నేను అడుగక పోతిని.